బంగారు పొరల నడుమ అయస్కాంతం



మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ కిట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. కరోనా రోజుల్లో ముక్కులోంచి తీసిన నమూనాను చుక్కలుగా వేసి చూసుకున్న ర్యాపిడ్ కిట్ కూడా అందరికీ గుర్తుంటుంది. చుక్కలు వేసిన కాసేపటికి దాని మీద ఓ ఎర్రగీత తేలుతుంది. చాలా కిట్లలో ఆ ఎరుపు మామూలు రంగుతో వచ్చింది కాదు. అది బంగారం. మిల్లీమీటరును పాతికవేల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఎంతుంటుందో, ఆ గీతలోని ఒక్కో బంగారు రేణువు సుమారుగా అంతే ఉంటుంది.

మనం ఒంటి మీద పెట్టుకునే బంగారం పచ్చగా మెరుస్తుంది. అంత చిన్న రేణువులై నీటిలో తేలినప్పుడు అదే బంగారం కెంపు రంగులో కనిపిస్తుంది. లోహం మారలేదు. మారింది పరిమాణం, దానితో పాటు వెలుగుకు ఆ లోహం ఇచ్చే జవాబు. ఈ సంగతిని శాస్త్రీయంగా పట్టించుకున్న తొలివారిలో మైకేల్ ఫారడే ఒకరు. 1857లో లండన్‌లో ఆయన బంగారానికీ వెలుగుకూ ఉన్న సంబంధం మీద ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. ఎర్రని బంగారు ద్రావణాలు తయారుచేసి, వాటి రంగుకు కారణం అతి సన్నని బంగారు రేణువులేనని చెప్పారు.

అదే ఫారడే అంతకు పన్నెండేళ్ల ముందు, 1845 సెప్టెంబరులో, ఇంకో గొప్ప విషయం కనిపెట్టారు. అయస్కాంతం వెలుగును తిప్పగలదని. ఒకే మనిషి చేసిన ఈ రెండు పనులూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత అవి ఒకచోట కలిశాయి. ఆ కలయికకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు మాగ్నెటోప్లాస్మోనిక్స్. పేరు పెద్దది, విషయం మాత్రం మనసు పెట్టి వింటే అందరికీ అందేదే. కొల్లేటి గట్టున కైకలూరులో ఉన్న మనకు దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ మాటకు కూడా వస్తాను.

ముందు ఫారడే చేసిన ప్రయోగం. వెలుగు ఒక తరంగం. మామూలు దీపం నుంచి వచ్చే వెలుగులో కంపనాలు అన్ని దిక్కులా ఉంటాయి. పోలరాయిడ్ అద్దం గుండా పంపితే ఒకే దిశలో ఊగే కంపనాలు మాత్రం బయటికి వస్తాయి. దీన్నే ధ్రువణం చెందిన కాంతి అంటాం. ఫారడే అలాంటి కాంతిని సీసం కలిసిన ఒక బరువైన గాజు దిమ్మ గుండా పంపి, పక్కన బలమైన విద్యుదయస్కాంతం పెట్టారు. కరెంటు ఇవ్వగానే కాంతి ఊగే దిశ కొద్దిగా తిరిగింది. కరెంటు ఆపితే మళ్లీ మామూలే. ఆ గాజు కూడా కొత్తగా చేయించింది కాదు. దూరదర్శినుల కోసం మేలైన గాజు తయారుచెయ్యాలని 1820ల చివర్లో ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డారు. దూరదర్శినులకు అది పెద్దగా అక్కరకు రాలేదు. ఏళ్లు గడిచాక ఈ ప్రయోగానికి ప్రాణం పోసింది అదే గాజు.

ఇందులో ఒక చిత్రమైన గుణం ఉంది. పంచదార ద్రావణం కూడా ధ్రువణ దిశను తిప్పుతుంది. చక్కెర ఫ్యాక్టరీల్లో రసంలో పంచదార ఎంతుందో కొలిచేది ఆ గుణంతోనే. అయితే ఆ కాంతిని అద్దం పెట్టి అదే దారిలో వెనక్కి పంపితే, తిరిగినదంతా వెనక్కి తిరిగి సున్నా అయిపోతుంది. అయస్కాంతం తిప్పిన కాంతి అలా కాదు. వెళ్లేటప్పుడు ఎటు తిరిగిందో వచ్చేటప్పుడూ అటే తిరుగుతుంది. తిరుగుడు రెట్టింపవుతుంది. ఫారడే ఈ గుణాన్నే వాడుకున్నారు. కాంతిని గాజులో అటూ ఇటూ పలుమార్లు నడిపించి, చిన్న తిరుగుడును పెద్దది చేసి చూశారు. ఈ ఆలోచనను గుర్తుపెట్టుకోండి. అయస్కాంతం బలం పెంచలేదు. వెలుగూ అయస్కాంతమూ కలిసి గడిపే దారిని పొడిగించారు. ఈరోజు నేను చెప్పదలచుకున్న అసలు మాట కూడా ఇదే.

1876లో స్కాట్లాండుకు చెందిన జాన్ కెర్ ఇంకో అడుగు వేశారు. నున్నగా మెరుగుపెట్టిన ఇనుప అయస్కాంత ధ్రువం మీద పడి తిరిగొచ్చే కాంతిలోనూ ఈ మార్పు ఉందని చూపించారు. ఇనుము, కోబాల్టు, నికెల్ లాంటి లోహాలు వెలుగును తమ గుండా పోనివ్వవు కాబట్టి, వాటి అయస్కాంత స్థితిని వెలుగుతో చదవడానికి ఈ కెర్ ప్రభావమే దారి.

ఇది ఎందుకు జరుగుతుంది? కాంతి తరంగం లోహంలోని ఎలక్ట్రాన్లను తన దిశలో ఊపుతుంది. అయస్కాంత లోహంలో ఎలక్ట్రాన్‌కు ఉండే స్పిన్ అనే గుణం దాని కదలికతో ముడిపడి ఉంటుంది. అందువల్ల తిన్నగా ఊగాల్సిన ఎలక్ట్రాన్ రవ్వంత పక్కకు ఒరుగుతుంది. ఆ పక్క ఊపు నుంచి వెలువడిన కాంతి అసలు కాంతితో కలిసి, మొత్తం ధ్రువణ దిశను కాస్త మారుస్తుంది. ఎంత కాస్త? మన కంటికి కనిపించే వెలుగులో ఇనుము, కోబాల్టు, నికెల్ మీద ఆ తిరుగుడు ఒక డిగ్రీలో సగానికి కూడా చేరదు. అంత బలహీనమైన ప్రభావంతో పరికరాలు చెయ్యడం కష్టం.

కష్టమైనా చేశారు. ఫైబర్ నెట్ తీగల్లో దూరాలకు సంకేతాలు పంపే లేజర్లకు కాంతి వెనక్కి వచ్చి తగిలితే అవి గాడి తప్పుతాయి. అలా రాకుండా ముందు ఒక కాపలా పెడతారు. దాన్ని ఐసొలేటర్ అంటారు. అందులో గార్నెట్ అనే అయస్కాంత స్ఫటికం వెళ్లే కాంతిని 45 డిగ్రీలు తిప్పుతుంది. తిరిగి వచ్చే కాంతిని అదే వైపు ఇంకో 45 తిప్పుతుంది. మొత్తం 90 డిగ్రీలు అవడంతో వెనక్కి వచ్చినది పోలరాయిడ్ దగ్గర ఆగిపోతుంది. పంచదార ద్రావణం చెయ్యలేని పనిని అయస్కాంతం ఇక్కడ చేస్తోంది. ఊళ్ల మధ్య పరిచిన ఫైబర్ తీగల వెనుక ఫారడే ప్రయోగం ఇలా రోజూ నడుస్తూనే ఉంది.

ఇక్కడ మన జిల్లా మనిషిని ఒకరిని తలచుకోవాలి. సూరి భగవంతం గారు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు. ఆ ఊరు, మన కైకలూరు రెండూ నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లావే. 2022లో జిల్లాలు మారినప్పుడు రెండూ ఏలూరు జిల్లాలో చేరాయి. భగవంతం గారు గుడివాడలో బడి చదువు, హైదరాబాదు నిజాం కళాశాలలో డిగ్రీ ముగించుకుని, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ గారి దగ్గరికి వెళ్లారు. మరుసటి ఏడాదే, దాదాపు ఇరవై ఏళ్ల వయసులో, నాఫ్తలీన్ స్ఫటికాల మీద ఆయన చేసిన పని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. నాఫ్తలీన్ అంటే మనం బీరువాల్లో వేసుకునే కలరా ఉండల్లోని పదార్థమే. ఆ స్ఫటికం ఒక దిశలో అయస్కాంతానికి ఒకలా, మరో దిశలో ఇంకోలా స్పందిస్తుందని కొలిచి చూపించారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా పనిచేశారు. 1966లో వచ్చిన ఆయన ఇంగ్లీషు గ్రంథం స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి భౌతిక గుణాలకూ ఉన్న సంబంధాన్ని వివరిస్తుంది. ఏ స్ఫటికంలో ఏ గుణం ఉండటానికి వీలుంది, ఏది ఉండనే ఉండదు అన్నది కొలవకముందే సౌష్ఠవాన్ని బట్టి చెప్పవచ్చు. అయస్కాంత స్ఫటికాలకు ఆ లెక్కను వర్తింపజేసే పనిలో ఆయన కృషి ఉంది. అయస్కాంతం తిప్పిన కాంతి వెనక్కి వచ్చేటప్పుడు ఎందుకు సున్నా కాదో చెప్పేది కూడా ఈ సౌష్ఠవ శాస్త్రమే.

ఇక రెండో దారికి, బంగారం దారికి వద్దాం. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. చెరువు పట్టుబడి నాడు వల లాగే మనుషుల్ని చూడండి. ఎవరికి వారు లాగితే వల కదలదు. ఒకే పాటకు, ఒకే ఊపుకు అందరూ కలిసి లాగితే టన్నుల చేప గట్టు మీదికి వస్తుంది. నానో రేణువులోని ఎలక్ట్రాన్లు కూడా, తమ ఊపుకు సరిపడే రంగు కాంతి తగిలినప్పుడు, అన్నీ ఒక్కటై ఊగుతాయి. ఆ ఉమ్మడి ఊపు పేరే ప్లాస్మాన్. ఆ క్షణంలో రేణువు చుట్టూ, దాని అంచుల దగ్గర, కాంతి క్షేత్రం ఎన్నో రెట్లు బలపడుతుంది. బయట వందల నానోమీటర్ల పొడవున పరుచుకునే తరంగం అక్కడ కొన్ని పదుల నానోమీటర్ల చోటులో ఒదిగిపోతుంది. ఏ రంగుకు ఊగుతుందన్నది లోహాన్ని బట్టి, రేణువు ఆకారాన్ని బట్టి, చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి ఉంటుంది. కిట్‌లోని బంగారు రేణువులు ఆకుపచ్చ వెలుగును పట్టుకుంటాయి. అందుకే మనకు ఎరుపు మిగులుతుంది.

ఇప్పుడు రెండు దారులనూ కలిపి చూడండి. అయస్కాంత లోహంలో ఎలక్ట్రాన్ పక్కకు ఒరిగేది ఎంత? అది తిన్నగా ఊగే ఊపులో ఒక చిన్న పాలు. ఆ అసలు ఊపునే ప్లాస్మాన్ పెంచితే పక్క ఊపు కూడా దానితో పాటే పెరగాలి. సూత్రం ఇంతే. అమల్లో మాత్రం పెద్ద చిక్కు ఉంది. బంగారం, వెండి ప్లాస్మాన్లకు మంచి ఇల్లు, కానీ అయస్కాంత గుణం వాటికి లేనట్టే. ఇనుము, కోబాల్టు, నికెల్ అయస్కాంతాలు, కానీ వాటిలో ప్లాస్మాన్ పుట్టిన మరుక్షణమే వేడిగా మారి చల్లారిపోతుంది. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు.

దీనికి దొరికిన ఒక జవాబు రెండిటినీ పొరలుగా పేర్చడం. 1994లో సఫరోవ్ బృందం బంగారం పొరల నడుమ సన్నని కోబాల్టు పొర పెట్టి, ఉపరితలం వెంట పాకే ప్లాస్మాన్‌తో అయస్కాంత ప్రభావం పెరుగుతుందని చూపించింది. 2008లో మాడ్రిడ్ పరిశోధకులు అదే బంగారం, కోబాల్టు, బంగారం వరుసను నానో బిళ్లలుగా మలిచారు. ఆ పరంపరలో ఇంకో మెళకువ తేలింది. కోబాల్టు ఎంత ఉందన్నదొక్కటే లెక్కలోకి రాదు. బిళ్ల లోపల ఏ ఎత్తున ఉందన్నది కూడా ముఖ్యం. కాంతి క్షేత్రం ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ పెడితే ప్రభావం పెరుగుతుంది, బలహీనంగా ఉన్న చోట పెడితే తగ్గుతుంది. అంటే ఆ సన్నని అయస్కాంత పొర, బిళ్ల లోపల వెలుగు ఎలా పంచుకుని ఉందో చెప్పే కొలతబద్దగా కూడా పనికొచ్చింది.

2011లో స్వీడన్, స్పెయిన్ పరిశోధకులు బంగారం సాయం లేకుండా ఒక్క నికెల్‌తోనే నానో బిళ్లలు చేశారు. నికెల్‌లో ప్లాస్మాన్ త్వరగా చల్లారేది నిజమే. అయినా బిళ్ల పరిమాణం మార్చి, ఊపు కాలాన్ని సరిచేసి, కెర్ తిరుగుడు కుడికి ఉండాల్సినచోట ఎడమకు వచ్చేలా చెయ్యగలిగారు. ప్రకృతి ఆ లోహానికి ఇచ్చిన గుణాన్ని ఆకారంతో దిద్దుకోవచ్చని అలా రుజువైంది.

అదే ఏడాది నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. రష్యా, జర్మనీ, భారత శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది. అయస్కాంత గార్నెట్ పూత మీద బంగారు పొర వేసి, ఆ బంగారంలో వరుసగా సన్నని చీలికలు తీశారు. దానికి మాగ్నెటోప్లాస్మోనిక్ స్ఫటికం అని పేరు పెట్టారు. అయస్కాంతాన్ని ఇటు నుంచి అటు తిప్పినప్పుడు దాని గుండా పోయే కాంతి తీవ్రతలో తేడా 1.5 శాతం దాకా వచ్చింది. బంగారం లేకుండా గార్నెట్ ఒక్కటే ఉంటే ఇందులో వందో వంతు కూడా రాదు. ఆ బృందంలో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసర్చ్ శాస్త్రవేత్త ఆచంట వేణుగోపాల్ గారు ఉన్నారు. ఆయన తర్వాత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు డైరెక్టరు అయ్యారు. దేశంలో మీటరు, కిలోగ్రాము, సెకను ప్రమాణాలను కాపాడే సంస్థ అది. 2013లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ బృందం గార్నెట్ పూత మీద బంగారు నానో తీగలు పరిచి, ఫారడే తిరుగుడును పదిరెట్ల స్థాయికి పెంచింది. ఇవాళ ఐసొలేటర్‌లో వాడే గార్నెట్ ముక్కను పలచని పూతగా మార్చి, చిప్ మీదే అమర్చాలన్న ఆశకు అది ఊతమిచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వెయ్యి రెట్లు పెరిగింది, వంద రెట్లు పెరిగింది అన్న వార్త చదివినప్పుడు, దేనితో భాగించి ఆ లెక్క వేశారో అడగండి. కొన్ని ప్రయోగాల్లో కొలిచేది నిష్పత్తి. అయస్కాంతం వల్ల మారిన కాంతిని, మొత్తం తిరిగొచ్చిన కాంతితో భాగిస్తారు. ప్లాస్మాన్ బాగా పుట్టిన చోట తిరిగొచ్చే కాంతి దాదాపు సున్నా అవుతుంది. భాగించే సంఖ్య చిన్నదైతే జవాబు తనంతట తానే పెద్దదవుతుంది. అప్పుడు చేతికి వచ్చే వెలుగు తక్కువ, కొలతలో గోల, అంటే అక్కరలేని ఒడిదుడుకులు, ఎక్కువ. నిజమైన లాభం తెలియాలంటే మార్పు ఎంత, మిగిలిన వెలుగు ఎంత అన్న రెండూ చూడాలి. ఈ రంగంలో మంచి పరిశోధనకు ఇదే గీటురాయి.

ఇప్పుడు మన చెరువుల దగ్గరికి వద్దాం. ప్లాస్మాన్ క్షేత్రం లోహం మీద నుంచి నీటిలోకి కొద్ది వందల నానోమీటర్లకు మించి చొచ్చుకుపోదు. అందుకే అది లోహానికి అతుక్కున్న దాన్ని మాత్రమే పసిగడుతుంది. బంగారు పొర మీద ఒక ప్రతిరక్షకాన్ని, అంటే యాంటీబాడీని, నాటితే, దానికి సరిపడే వైరస్ ప్రొటీన్ వచ్చి తగులుకున్నప్పుడు ప్లాస్మాన్ ఊపు కొద్దిగా మారుతుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 1983లోనే ఈ పద్ధతిని నిరూపించారు. ఆసుపత్రి పరిశోధనల్లో, మందుల తయారీలో అది వాడుకలో ఉంది. 2006లో స్పెయిన్ పరిశోధకులు ఆ పొరలకు కోబాల్టును జోడించి, అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ కొలిచారు. అయస్కాంతంతో పాటు మారే కాంతిని మాత్రమే లెక్కలోకి తీసుకుని, మిగతా ఒడిదుడుకుల్ని వదిలేశారు. దాంతో అతి కొద్ది అణువులు అతుక్కున్నా పసిగట్టే శక్తి పెరిగింది.

రొయ్యల రైతుకు ఇది ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. 1994, 95 ప్రాంతంలో మన దేశపు చెరువుల్లోకి వచ్చిన తెల్లమచ్చల వైరస్, వైట్ స్పాట్, కొద్ది రోజుల్లోనే చెరువు చెరువునంతా తుడిచిపెట్టగలదు. సీడ్ వేసే ముందు పీసీఆర్ పరీక్ష చేయించడం ఇప్పుడు మామూలైంది. అది నమ్మదగ్గ పరీక్షే. కానీ దానికి ల్యాబు కావాలి, సమయం కావాలి, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. చెరువు గట్టు మీదే, వైరస్ ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే చెప్పగలిగే పరికరం వస్తే, రైతు ఆ పూటే నిర్ణయం తీసుకోగలడు. మాగ్నెటోప్లాస్మోనిక్ సెన్సారు అక్కడికి చేరాలంటే ఇంకా చాలా దూరం నడవాలి. చెరువు నీటిలో నాచు ఉంటుంది, మేత ఉంటుంది, రకరకాల ప్రొటీన్లు ఉంటాయి. అవి కూడా బంగారానికి అతుక్కుంటాయి. వెలుగులోని గోలను అయస్కాంతం తగ్గించగలదు. తప్పు అణువు అతుక్కోకుండా ఆపాల్సింది రసాయన శాస్త్రం. కాబట్టి ఈ పని ఒక్క భౌతిక శాస్త్రవేత్త చేతిలో లేదు. చేపల వైద్యం తెలిసినవాళ్లు, రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు, కాంతిని కొలవడం తెలిసినవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. మన దగ్గర సమస్య ఉంది, చెరువులున్నాయి, ఆక్వా ల్యాబులున్నాయి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. ఏలూరులో, భీమవరంలో, గుడివాడలో కళాశాలలున్నాయి. బల్ల వెయ్యడమే తరువాయి.

కళాశాల విద్యార్థులకు, వాళ్లకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఫారడే ప్రయోగం చెయ్యడానికి నానో పరికరాలు అక్కర్లేదు. ఒక లేజర్, రెండు పోలరాయిడ్ ముక్కలు, సీసం కలిసిన ఫ్లింట్ గాజు కడ్డీ, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, కాంతిని కొలిచే చిన్న డిటెక్టరు ఉంటే చాలు. లేజర్ కాంతి కంట్లో పడకుండా చూసుకోండి. తీగలో కరెంటు దిశను మార్చి మార్చి కొలవండి. మారినదాన్ని ఉంచండి, మారనిదాన్ని తీసెయ్యండి. స్పెయిన్‌లో అణువుల్ని పసిగట్టడానికి వాడిన మెళకువ సరిగ్గా ఇదే. డిగ్రీలో ఎన్నో వంతో తిరిగే కాంతిని పట్టుకోగలిగిన విద్యార్థికి, రేపు ఏ సెన్సారు ముందు కూర్చున్నా ఏది సంకేతమో ఏది గోలో విడదీయడం చేతనవుతుంది. ఆ నేర్పు పుస్తకం చదివితే రాదు, చేత్తో చేస్తేనే వస్తుంది.

ఆగిరిపల్లిలో పుట్టిన కుర్రవాడు కలరా ఉండల్లోని పదార్థాన్ని అయస్కాంతం ముందు పెట్టి, ప్రపంచం చదివే కొలతలు చేశాడు. అప్పుడు ఆయనకు కావలసివచ్చింది మంచి గురువు, ఓపిక, నిజాయితీగా కొలిచే అలవాటు. ఈ మూడింటినీ మన కళాశాలలు ఈ నేల మీదే ఇవ్వగలవు. ఇస్తే, బలహీనమైన ప్రభావాన్ని బలమైనదిగా మార్చే ఈ విద్యలో తర్వాతి అడుగు కైకలూరు వైపు నుంచి కూడా పడుతుందని నా గట్టి నమ్మకం.